పదకొండుతో తెగే నంబరు

రోజూ పొద్దున సైరన్ మోగకముందే సారవ్వ బొగ్గుల పొయ్యి మీద చాయ్ పెట్టేది. అది మరిగేదాకా భర్త మొగిలి ఆమెకు లెక్క చెప్పేవాడు. పలక లేదు, బలపం లేదు, చింతగింజలనే అంకెల్లా పేర్చి చూపేవాడు. అక్షరాలు రాని సారవ్వకు అంకెలు అట్లా వచ్చాయి. గనిలో మొగిలి నంబరు 386254. ఒకటి విడిచి ఒకటి తీసి మూడు, ఆరు, ఐదు గింజలు ఒక పక్క పెట్టించేవాడు. ఎనిమిది, రెండు, నాలుగు ఇంకో పక్క. ఇటు పద్నాలుగు, అటు పద్నాలుగు.

"చూసినవానె, తక్కెడ ఒరుగలే. గిట్లున్న నంబరు పదకొండుతోని తెగుతది, ఒక్కటి గూడ మిగలది" అని మురిసిపోయేవాడు.

నెల రోజులుగా ఆ వేళకు పొయ్యి ముట్టడం లేదు. సైరన్ మోగగానే సారవ్వ గని ఆఫీసుకు నడుస్తోంది.

గనిలోకి దిగిన మొగిలి ఛాతీ పట్టుకుని పైకొచ్చి, గేటు దగ్గర కూలి, దవాఖానకు చేరేలోపే పోయాడు. గనిలోకి దిగేముందు దీపం తీసుకున్నవాళ్ల నంబర్లు రాసే దీపాల గది బుక్కులో ఆ పూట అతని నంబరు లేదట. డ్యూటీ ఎగ్గొట్టి గేటు దగ్గర తిరుగుతున్నాడని కాగితం మీద రాశారు. పంతొమ్మిదేళ్లలో ఒక్క నాగా లేని మనిషిని! వెంట దిగిన ముత్యం సాక్ష్యం చెప్పినా బుక్కు మాటే మాట అన్నారు.

ఒకరోజు ఆఫీసులో గుమాస్తా చక్రపాణి విసుగ్గా బుక్కు ఆమె వైపు తిప్పాడు. "ఇదిగోనమ్మా, 386245 ఉంది. అది గోలేటి గనిలో పనిచేసే మనిషిది. పొరపాటు పడకుండా పక్కనే అంకెలు కూడి వేస్తారు. ఇరవై ఎనిమిది. సరిపోయిందిగా?"

సారవ్వ వేలు చివరి రెండంకెల మీద ఆగింది. నెల నాళ్లుగా నోట్లో నొక్కిపెట్టిందంతా భగ్గుమంది.

"అటుదిటు చేసినా ఇరవై ఎనిమిదే అయితది సారూ! ఒకటి ఇడిసి ఒకటి లెక్కవెట్టు. ఇటు పదమూడు, అటు పదిహేను. నా మొగని నంబరు గిట్ల ఒరుగది. గోలేటాయన గాలిల ఎగిరొచ్చి ఈడ దీపం తీస్కపోయిండా? ఫోన్ చేసి అడుగు!"

చక్రపాణి చేశాడు. ఆ మనిషి ఆ పూట గోలేటిలోనే డ్యూటీలో ఉన్నాడు. పెన్సిల్ తీసి రెండు నంబర్లనూ పదకొండుతో భాగించాడు. ఒకటి తెగింది. ఇంకోదానికి రెండు మిగిలింది. తలెత్తలేదు.

మూడో రోజు మధ్యాహ్నం దిద్దిన కాగితం పట్టుకుని తనే ఇంటికి వచ్చాడు. "రెండంకెలే కదమ్మా, అటూ ఇటూ అయ్యాయి. మనసులో పెట్టుకోకండి."

"రెండంకెలా? సచ్చినోన్ని దొంగను చేసినయి గా రెండంకెలే."

కాగితం మీది నంబరును వేలితో ఒకటి విడిచి ఒకటి లెక్కపెట్టుకుంది. ఇటు పద్నాలుగు, అటు పద్నాలుగు. మడిచి బొడ్లో దోపుకుంది.

చక్రపాణి చెమట తుడుచుకుంటూ పీట మీద కూర్చుని పొయ్యి వైపు చూశాడు. వచ్చిన మనిషికి చాయ్ పోయకుండా ఏనాడూ పంపని ఇల్లు అది. నిప్పులు కణకణలాడుతున్నాయి. గిన్నెలో పాలున్నాయి.

సారవ్వ చేతులు కట్టుకుని గోడకు ఆనుకుంది. చాయ్ పెట్టలేదు.