మా ఆఫీసు అత్తగారిల్లయిన రోజు

మొన్న పొద్దున అటుకుల పోహే తింటుంటే మా చిన్నమ్మాయి ఫోన్ నా ముందుకు జరిపి, చదువు నాన్నా అంది. ఇక్కడే నాందేడ్‌లో ఒక చిన్న సేవాసంస్థకు మా అమ్మాయి పెద్ద దిక్కు. ఏళ్ల తరబడి సెలవన్న మాట లేకుండా పనిచేస్తున్నావు, నెల రోజులు కచ్చితంగా విశ్రాంతి తీసుకోవాలి, ఆఫీసు ఫోన్ ఇంకొకరికి అప్పగించాలి, మనసు బాగాలేకపోతే డాక్టరుతో మాట్లాడాలి అని కమిటీ వాళ్లు రాశారు. పిల్ల మొహం తప్పు చేసి దొరికినట్టుంది గానీ, నాకు మాత్రం పట్టలేనంత సంతోషం వచ్చి, ప్లేటు పక్కన పెట్టి లేచి నిలబడ్డాను. ఇలాంటి పనుల్లో తల నెరిసిన నా ఈడు వాళ్లకు ఈ సంబరం ఎందుకో నేను విడమరిచి చెప్పనక్కర్లేదు, అయినా చెప్పకుండా ఉండలేను.

డిగ్రీ అయ్యి నిజామాబాద్ నుంచి ఉద్యోగం వెతుక్కుంటూ నాందేడ్ వచ్చి నేను దిగింది మా పెద్దమ్మ ఇంట్లో. పెదనాన్నది రైల్వే ఉద్యోగం. పెద్దమ్మ సరిహద్దు ఊళ్లలో బాల్వాడీలు, ఆడవాళ్ల సంఘాలు నడిపే సంస్థకు పెద్ద. నన్ను అందులోనే రాతకోతలకు కూర్చోబెట్టింది. తెలుగు, మరాఠీ, దక్కనీ మూడూ ఒకే వాక్యంలో మాట్లాడేది, ఎవరు పిలిచినా రానని అనేది కాదు. ఒక సంచి, ఒక నీళ్ల సీసా, పొద్దున్నే బస్టాండు, అదీ ఆవిడ జీవితం. నాకప్పుడు అదంతా గొప్పగా తోచేది. మనిషి అరిగిపోతున్నదని తెలుసుకునే వయసు కాదు నాది.

పెదనాన్నకు మాత్రం తెలిసింది. నిద్రలో ఊళ్ల పేర్లు వరసగా పిలుస్తోందని, అన్నం ముందు కూర్చుని తినడం మరిచిపోతోందని నాతో చెప్పి దిగులుపడేవాడు. డాక్టరు బీపీ చూసి, ఇట్లాగే తిరిగితే ఏదో ఒక రోజు దారిలోనే పడిపోతావని గట్టిగానే మందలించాడు. సెలవు పెట్టమని అందరం బతిమాలితే, నేను పోతే ఎట్ల నడుస్తదిరా అనే ఒక్క మాటతో మా నోళ్లు మూయించేది.

అలాంటి రోజుల్లోనే, సర్ఖనిలో సభ పెట్టుకుని మర్ఖేల్ బస్సెక్కింది. ఒకటి ఉత్తరాన, ఇంకొకటి దక్షిణాన! కూర్చోగానే నిద్రపోయింది, దిగింది, అదే సర్ఖని అనుకుని అక్కడి ఆడవాళ్లను కూడగట్టి, సర్ఖని బాల్వాడీ కప్పు కురుస్తున్న సంగతి గంటసేపు మాట్లాడింది. మర్ఖేల్ వాళ్లెంత మర్యాదస్తులంటే, తాము తాయి, అంటే అక్క, అని పిలిచే మనిషి ఏదో మనసులో పెట్టుకుని చెబుతోందనుకుని తలలూపి, జొన్నరొట్టె పెట్టి బస్సెక్కించారు. సాయంత్రం మాకు నవ్వుతూనే చెప్పడం మొదలుపెట్టి సగంలో ఏడ్చేసింది. పత్తి ఏరే పని మానుకుని సర్ఖని ఆడవాళ్లు పొద్దంతా ఎదురుచూసి ఉంటారు కదా అని ఆవిడ బాధ. నాకు మొదటిసారి భయం వేసింది.

వారం తిరక్కుండా సర్ఖని సంఘంలో పెద్దదయిన అవ్వ, ఎందుకు రాలేదో కనుక్కుని పోవడానికి మా ఆఫీసుకు వచ్చింది. పెద్దమ్మ ఊళ్లో లేదు. నేను ఉన్నదున్నట్టు చెప్పేశాను. అవ్వ అడిగింది ఒక్కటే, ఆమె పుట్టిల్లు ఏదని. మా తాత అమ్మమ్మ పోయారని, అన్నదమ్ములు లేరని చెప్పాను. అంతే, వచ్చిన బస్సుకే తిరిగి వెళ్లిపోయింది.

మన సరిహద్దు ఊళ్లలో అత్తగారింటి నుంచి ఆడపిల్లను పుట్టింటికి తీసుకుపోవడానికి వచ్చే మనిషిని మురాళీ అంటారు. ఆడపిల్లలు పుట్టింటికి పోయే నాగపంచమికి నాలుగు రోజుల ముందు ఒక పొద్దున, కొబ్బరికాయ, రవికెగుడ్డ పట్టుకుని అవ్వతో పాటు ఆరుగురు ఆడవాళ్లు మురాళీలై మా ఆఫీసు గడపలో నిలబడ్డారు! పెద్దమ్మ తెల్లబోయింది. అవ్వ ఆవిడ వైపు చూడనైనా లేదు, మా నలుగురు ఉద్యోగుల వైపే చూసింది.

"మా బిడ్డను తోల్కపోనీకి అచ్చినం. మీరు అత్తగారోళ్లు. పంపుతరా, పంపరా?"

పెద్దమ్మ ఏదో అనబోతే, ఆడపిల్ల నడుమ మాట్లాడొద్దని అవ్వ కసిరింది. ఇరవై మూడేళ్ల నేను అత్తగారి హోదాలో గొంతు సవరించుకుని, పంపుతం అవ్వా అన్నాను. సంచి లాక్కున్నారు, అందులోని కాగితాలు నా బల్ల మీద పోశారు, ఆవిడను నడుమ పెట్టుకుని పాడుకుంటూ బస్టాండుకు నడిచారు. మేం వెనకాల పరుగెత్తాం. సర్ఖని వాళ్లు తాయిని ఎత్తుకుపోతున్నారని హిమాయత్‌నగర్ మీదుగా పోయే బస్సంతా ఒకటే నవ్వులు.

అక్కడ పెద్దమ్మ రెండు రోజులు నిద్రే పోయిందట. మూడో రోజు లేచి సభ పెడదామంటే తలకు నూనె పెట్టి కూర్చోబెట్టారట. పుట్టింట్లో బిడ్డ బిందె ముట్టకూడదు, అత్తగారింటి ఊసెత్తకూడదు. ఇక్కడ మేం మొదటి రోజు ఉత్తరాలు విప్పడానికే జంకాం. నాలుగో రోజు మర్ఖేల్‌లో బాల్వాడీ టీచర్ల ముందు నేనొక్కడినే నిలబడి, మరాఠీ మాట దొరక్క తెలుగులో పడి, వాళ్లు నవ్వుతుంటే నేనూ నవ్వి, చివరికి పని చక్కబెట్టుకుని వచ్చాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఈల వేశాను. ఆవిడ లేకుండా నడిచింది!

ఎనిమిదో రోజు పెద్దమ్మ మోచేతుల దాకా గాజులతో, ఒడిబియ్యం మూటతో దిగింది. ఆఫీసు సంగతి అడగలేదు. ఆ బియ్యం వండి మా అందరికీ వడ్డించి, తానూ కడుపునిండా తిన్నది. పెదనాన్న ఆవిడ కంచం వైపే చూస్తూ కళ్లు తుడుచుకున్నాడు. ఆ తర్వాత మా దగ్గర అది ఆనవాయితీ అయింది. ఏటా పంచమికి ఏదో ఒక ఊరు మురాళీ పంపేది, మా ఆడ ఉద్యోగులనూ వరసగా తీసుకుపోయేవారు. పెద్దమ్మ అట్లా ఇంకా చాలా ఏళ్లు హాయిగా పనిచేసింది.

ఇప్పటి పిల్లలకు సెలవు కాగితం మీద వస్తుంది. అది ఎంతో మంచిది, మొక్కుబడి అని నేననను. ఎవరో ఒకరి దయ మీద ఆధారపడకుండా హక్కుగా రావడమే న్యాయం. కానీ గడపలో నిలబడి మా బిడ్డ అనే మనుషులు ఆ కాగితంలో లేరు. వాళ్లున్న కాలంలో నేనేం చేశానో కూడా చెప్పాలి.

పెద్దమ్మ తర్వాత ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. మూడో ఏట నేనూ అరిగిపోతున్నానని విని అవ్వ మళ్లీ వచ్చింది, ఈసారి నా కోసం. అప్పటికి చూపు సరిగా ఆనడం లేదు, మనవరాలి భుజం పట్టుకుని వచ్చింది. నేను కాగితాల్లోంచి తల ఎత్తి, మగోనికి పుట్టిల్లేంది అవ్వా అని నవ్వాను. ఆమె నవ్వలేదు. సరే బిడ్డా అని తిరిగి బస్సెక్కింది. మళ్లీ నన్ను తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు.