అక్క గడ్డలో మగ ప్రోటీన్: రేపల్లె నుంచి బాపట్ల దాకా

మా అక్క ఊపిరితిత్తిలోని గడ్డ నుంచి తీసిన ముక్కలో, మగవాళ్ల వృషణాల్లో మాత్రమే తయారయ్యే ప్రోటీన్ కనిపించిందని తెనాలి ల్యాబు రిపోర్టు ఇచ్చింది. ఆడమనిషి ఒంట్లో అదెలా ఉంటుంది? ఎవరో మగాడి వృషణం ముక్క అక్క పేరు మీదికి వచ్చుంటుంది. అంటే అక్కకు క్యాన్సర్ లేనట్టే! వినిపించే ప్రతి మాటనూ పరీక్షించమనే కదా నేను చర్చిలో బోధించే లేఖనం చెప్పేది. మొదలుపెట్టాల్సిన కీమోను వారం ఆపించి, ఆ వారం చివర్న అక్కను వెంటబెట్టుకుని రేపల్లెలో పొద్దున్నే తెనాలి ప్యాసింజరెక్కాను. టికెట్లు ఇద్దరికీ యాభై లోపే.

“నాలో మగరాయుడున్నాడని మీ బావ ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నాడుగా. ల్యాబోళ్లు ఇప్పుడు కనిపెట్టారు” అని అక్క నవ్వింది. దగ్గు ఆ నవ్వును మధ్యలోనే తుంచేసింది.

తెనాలి స్టేషన్ బయట ఆటో అతను నన్ను ఎగాదిగా చూసి, “చంకలో బైబిలు, పోయేది ల్యాబుకా అండి?” అన్నాడు.

“వాళ్ల సంగతి తేల్చడానికే బాబూ!”

ముక్కను దాచిన మైనం దిమ్మ ఇవ్వమంటే గొడవ చేస్తారనుకున్నాను. సంతకం పెట్టించుకుని మారుమాట లేకుండా ఇచ్చేశారు. అంత సుళువుగా ఇవ్వడంతో నా అనుమానం ఇంకా పెరిగింది. స్టేషన్ ఎదుట ఇడ్లీ తిని, దాన్ని ఇంకో డాక్టరుకు చూపించడానికి మెయిన్ లైన్ రైల్లో గంటకు అటూ ఇటూగా బాపట్ల చేరాం.

అక్కడి డాక్టరమ్మ దిమ్మ నుంచి కొత్త పొర కోయించి చూసి, సాయంత్రం పిలిచింది. “ఇది ఊపిరితిత్తి ముక్కేనండి. క్యాన్సరే.”

“మరి ఆ మగ ప్రోటీన్?”

“దాన్ని తయారుచేసే విధానం ఆడా మగా అందరి కణాల్లోనూ ఉంటుందండి. వృషణాల్లో తప్ప దాదాపు అంతటా మూతపడి ఉంటుంది. అక్కడ వీర్యకణాలకు అది కావాలి, లోపిస్తే పిల్లలు పుట్టకపోవచ్చు. కొన్ని క్యాన్సర్లు ఆ మూత తెరిచి, పెరగడానికి దాన్ని వాడుకుంటాయి.”

తమ నివాసం విడిచి చెడిపోయిన దేవదూతల గురించి ఎన్నిసార్లు ప్రసంగించానో! ఈ ప్రోటీనూ అలా చోటు తప్పిందే.

అక్కే అడిగింది. “మందు ఎప్పుడు ఎక్కిస్తారమ్మా?”

“రేపే రండి.”

“ఒరేయ్, పరీక్షించడం అయిందిగా. ఇక ప్రార్థన చెయ్యి” అంది నాతో.

ల్యాబుల్ని నేను ఇప్పటికీ ఊరికే నమ్మను. కానీ అక్కకేమీ లేదని నాలో ఎగిసిపడిన సంతోషం ఉందే, ముందు దాన్ని పరీక్షించాల్సింది. మీరూ రెండో డాక్టరు దగ్గరికి బయల్దేరితే, రిపోర్టుతో పాటు మైనం దిమ్మను అడిగి తీసుకెళ్లండి. మందు మొదలుపెట్టే తేదీని మాత్రం డాక్టరును అడక్కుండా జరపకండి. అక్కకు నేను పోగొట్టిన వారాన్ని ఏ ప్రార్థనా వెనక్కి తేలేదు.