తబితా వెనక్కి తీసుకున్న మాట

రైల్వేలోకి కంప్యూటర్లు రాకూడదని హౌరాలో ఊరేగింపులు తీసిన రోజుల్లో ఎలీయాజరు ముందు వరసలో నడిచేవాడు. షాలిమార్ గూడ్స్ యార్డులో ఆయన పాయింట్స్‌మన్. వ్యాగన్లు తగిలించడం, విడదీయడం పని. ఒక్కో యంత్రం పదిమంది పొట్ట కొడుతుందని యూనియన్ వాళ్లు చెబితే నమ్మాడు. నమ్మి, టికియాపారా క్వార్టర్ల గోడల మీద తన చేత్తోనే నినాదాలు రాశాడు. తన కూతురే పెద్దదై రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుంటుందని అప్పుడెవరైనా చెప్పి ఉంటే నవ్వేవాడు.

ఆ కూతురు తబితా మా తెలుగు చర్చి పిల్ల. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో బెంగాలీ. తెలుగు చదవడం మాత్రం సండే స్కూల్లో కూడబలుక్కుని నేర్చుకున్నదే. జువాలజీలో ఎమ్మెస్సీ చేశాక, కలకత్తాలో కొత్తగా పెట్టిన బయోఇన్ఫర్మాటిక్స్ కోర్సులో చేరతానంది. అప్పటికి రెండు వేల సంవత్సరం దాటి కొద్దికాలమే అయింది.

అన్నం తింటున్న ఎలీయాజరు తలెత్తాడు. “అదేటి?”

“జీవుల గురించే నాన్నా. కాకపోతే కంప్యూటర్లో చదవాలి.”

“మేం జెండాలట్టుకుని వొద్దొద్దని అరిసినాం. ఇప్పుడు నువ్వెళ్లి దాని ముందరే కూకుంటావేటి?”

“ఇది ఎవరి ఉద్యోగమూ తీసెయ్యదు నాన్నా. ఈ పని చేసేవాళ్లే ఇంతకుముందు లేరు.”

తల్లి రోజమ్మ కూర వడ్డిస్తూ, “పిల్ల సదువుకుంటానంటే నీ యూనియనుకేటి నొప్పి?” అంది. మర్నాడు ఎలీయాజరే కూతుర్ని కోర్సులో చేర్పించడానికి వెంటబెట్టుకుని బస్సెక్కాడు.

కోర్సు అయ్యాక తబితాకు నగరంలోనే ఒక పరిశోధనాలయంలో చోటు దొరికింది. అక్కడి ప్రొఫెసర్ అనిమేష్ లాహిరి, నదీముఖాల ఉప్పునీటి బురదలో బతికే ఒక బాక్టీరియా జన్యువులన్నిటినీ అక్షరం అక్షరం చదివించాడు. చదవడమైతే అయింది గానీ, వాటిలో చాలా జన్యువులు ఏం పని చేస్తాయో ఎవరికీ తెలియదు. ఆ పనిని ఊహించి చెప్పడం తబితా వంతు. తెలియని జన్యువు తీసుకుని, వేరే జీవుల్లో పని తెలిసిన జన్యువులతో పోల్చాలి. పోలిక గట్టిగా ఉంటే పని కూడా అదే కావచ్చు. ప్రపంచం నలుమూలల పరిశోధకులు తాము తెలుసుకున్నది అందరికీ అందేలా భద్రపరిచే డేటాబేస్‌లు ఉంటాయి. పోల్చేది వాటితోనే.

ఆమె ఊహల్లో ఒకటి అందరికీ నచ్చింది. ఒక జన్యువు నీటిలోని ఇనుమును కణంలోకి లాగుతుందని చెప్పింది. డేటాబేస్‌లో దాన్ని పోలిన జన్యువులన్నిటికీ ఆ పేరే ఉంది. లాహిరి సంతోషించాడు. దాని మీద రాసిన వ్యాసాన్ని ఒక పత్రిక అచ్చుకు తీసుకుంది కూడా.

ఊహను ప్రయోగంతో తేల్చే పని మౌషుమిది. ఆమె తబితా కంటే సీనియర్, చేతి పనిలో ఆ లాబ్‌లో ఆమె తర్వాతే ఎవరైనా. ఆ జన్యువును బాక్టీరియాలోంచి తీసేసి, ఇనుము బాగా తక్కువున్న ద్రవంలో పెంచింది. ఊహ నిజమైతే అది చచ్చుబడిపోవాలి. ఏమీ కాలేదు, హాయిగా పెరిగింది. మౌషుమి ఎక్కడో పొరపాటు చేశాననుకుని మళ్లీ చేసింది. వానాకాలమంతా చేసింది. అది పెరుగుతూనే ఉంది.

“నా చెయ్యే బాగాలేదు,” అంది ఒకరోజు మౌషుమి, గాజు సీసాలు కడుగుతూ. ఆ మాట తబితాకు ముల్లులా గుచ్చుకుంది. తప్పు ఆమె చేతిలో కాక తన మాటలోనే ఉంటే?

ఆ వారంలో బంద్ వచ్చింది. బస్సుల్లేవు, రైళ్లు ఆగాయి. తబితా ముందురోజే కాగితాల మీద అచ్చేసి తెచ్చుకున్న జన్యువుల అక్షరాల వరసలను క్వార్టర్ నేల మీద పరుచుకు కూర్చుంది. ఈసారి పోలిక ఎంత ఉందని కాక, ఎక్కడ ఉందని చూసింది. మధ్యాహ్నానికి తెలిసింది. జన్యువు చెప్పినట్టు కణం తయారుచేసేది ప్రోటీన్; ఇనుమును లాగే ప్రోటీన్‌లో రెండు ముక్కలుండాలి. పోలిక మొదటి ముక్కలోనే ఉంది. ఆ ముక్క రకరకాల పనులు చేసే ప్రోటీన్లలో ఉండేదే. ఇనుమును పట్టే రెండో ముక్క తమ బాక్టీరియాలో అసలు లేనేలేదు. ఎవరో మొదట తొందరపడి పేరు పెట్టారు, దాన్ని చూసి ఇంకొకరు, వాళ్లను చూసి మరొకరు. ఆ వరసలో చివరిది తను.

“ఏటే, అన్నం సల్లారిపోతంది,” అని రోజమ్మ పిలిచినా లేవలేదు. ఎలీయాజరు వచ్చి పక్కన కూర్చున్నాడు.

“ఏటయ్యింది?”

“రెండు బళ్లకీ ఇంజన్ ఒకేలా ఉంటే వెనకాల సరుకూ ఒకటే అనుకున్నాను నాన్నా. నా మాట నమ్మి మౌషుమి దీదీ ఇన్నాళ్లు కష్టపడింది.”

“ఆయమ్మకి సెప్పినావా?”

“ఇప్పుడే తెలిసింది.”

“మరైతే రేపు సెప్పు. ముందు అన్నం తిను.”

మర్నాడు లాహిరి గదిలో అంతా విప్పి చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

“తప్పు మనది కాదు, డేటాబేస్‌ది. వ్యాసం రానీ. తర్వాత దిద్దుకుందాం.”

“సార్, అది అచ్చయితే దాన్ని చూసి ఇంకొకరు నమ్ముతారు. నేను నమ్మినట్టే.”

“నీ డాక్టరేట్ దాని మీదే ఉంది, తెలుసా?”

“తెలుసు సార్.”

ఆ సాయంత్రమే లాహిరి పత్రికకు రాసి వ్యాసం వెనక్కి తీసుకున్నాడు. వారం తిరక్కుండా లాబ్ సమావేశంలో తబితా లేచి, తన ఊహ ఎక్కడ, ఎలా తప్పిందో అందరి ముందూ బోర్డు మీద గీసి చూపించింది. మౌషుమి చివరి దాకా విని, లేచి వెళ్లిపోయింది. ఆ తర్వాత చాలాకాలం తబితాతో మాట్లాడలేదు. తబితాతోపాటు చేరినవాళ్లు పట్టా తీసుకుని బెంగుళూరు వెళ్లిపోయారు. చర్చిలో ఎవరైనా “సదువు ఇంకా అవలేదేటమ్మా?” అని అడిగితే తబితా “అవుతుంది” అని ఊరుకునేది. ఇంటికొచ్చాక ఏడ్చేదని రోజమ్మ నాతో చెప్పింది.

కానీ తబితా ఆ జన్యువును వదల్లేదు. బాక్టీరియాలో కలిసి పనిచేసే జన్యువులు తరచు పక్కపక్కనే ఉంటాయి. అందుకని ఈసారి దాని పోలికలను వదిలి, దాని ఇరుగుపొరుగును చూసింది. పక్కనున్నవి రొయ్య పెంకులను అరిగించుకోవడానికి పనికొచ్చే జన్యువులు. దూరపు బంధువులైన మరికొన్ని బాక్టీరియాల్లోనూ అదే ఇరుగుపొరుగు. బురదలో బతికే జీవికి రొయ్య పెంకు తిండే గదా!

ఈ జన్యువుదీ ఆ పనే కావచ్చన్న ఊహ పట్టుకుని మౌషుమి బల్ల దగ్గరికి వెళ్లింది. ముందుగా చెప్పింది, తన ఊహ ఎక్కడెక్కడ తప్పు కావచ్చో. నిజమయ్యే కారణాలు తర్వాత చెప్పింది.

“అప్పుడు కూడా ఇలా చెప్పి ఉంటే బాగుండేది,” అంది మౌషుమి.

“అప్పుడు నాకు తెలియదు దీదీ.”

“సరే, పెంకులు తీసుకురా.”

రోజమ్మ బజారు నుంచి రొయ్యలు తెచ్చి, ఒలిచి కూర వండి, పెంకులు కడిగి ఎండబెట్టింది. క్వార్టర్లంతా ఆ వాసనే. లాబ్‌లో వాటిని శుద్ధి చేసి, పొడి కొట్టి, అదొక్కటే తిండిగా పెట్టారు. మామూలు బాక్టీరియా దాని మీద పెరిగి సీసాలో నీరు మబ్బుగా మారింది. జన్యువు తీసేసినది పెరగలేదు. నీరు తేటగానే ఉండిపోయింది. జన్యువును తిరిగి పెడితే మళ్లీ పెరిగింది. మౌషుమి సీసాను కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని, తబితా భుజం మీద చెయ్యి వేసింది.

కొత్త వ్యాసం ఇద్దరి పేర్లతో వచ్చింది. తబితాకు డాక్టరేట్ ఆలస్యంగానైనా వచ్చింది. నాకు ఎక్కువ నచ్చింది మాత్రం ఆమె ఆ తర్వాత చేసిన పని. ఆ తప్పుడు పేరు ఏ ఏ జీవుల జన్యువులకు అంటుకుందో ఒక్కొక్కటీ వెతికి, ఆధారాలు చూపిస్తూ డేటాబేస్ వాళ్లకు రాసింది. ఆ పనికి పేరు రాదు, పదవీ రాదు. జవాబులు రావడానికే నెలలు పట్టేవి. అయినా ఒక్కో పేరూ మారుతూ వచ్చింది. ఇప్పుడెక్కడో ఎవరో తమ జన్యువును వాటితో పోల్చి చూస్తే, ఆ గోతిలో పడరు.

తబితా ఇప్పుడు అదే పరిశోధనాలయంలో పాఠాలు చెబుతోంది. ఆ బాక్టీరియాలో పని తెలియని జన్యువులు ఇంకా బోలెడున్నాయట. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు ముందు పెట్టుకుని తనూ మౌషుమీ వాటి గురించే వాదులాడుకుంటారు.