కల్లంలో మిర్చి, గిటార్ మీద వాన పాట

ఎనభైల్లో ఖమ్మంలో డిగ్రీ చదువుతూ గిటార్ నేర్చుకుంటున్న నేను, వేసవి సెలవులకు దాన్ని భుజాన వేసుకుని బూర్గంపాడు దగ్గరి మా ఊరు వెళ్లాను. ఇంటిముందు కల్లంలో మిర్చి ఆరుతోంది. తాలు కాయలు ఏరుతున్న నానమ్మను పాత పాటలు పాడమన్నాను. నాట్ల పాట, తిరగలి పాట అయ్యాక, కప్పను రోకలికి కట్టి వాన కోసం ఇల్లిల్లూ తిరిగేటప్పుడు పాడే పాట అందుకుంది. ఆ వరస నా తీగలకు చక్కగా కుదిరింది. చెల్లెళ్లూ గొంతు కలిపారు.

అంతలో బాబాయి పొలం నుంచి వచ్చాడు.

"కల్లంల మిర్చి పెట్టుకొని వానను పిలుస్తున్నరా?" అంటూ గిటార్ లాక్కుని అటక మీద పడేశాడు.

నవ్వబోయి ఆగిపోయాను. గోదావరి వైపు మబ్బు పడుతోంది.

"పాటకే వాన వస్తదారా?" అంది నానమ్మ. అంటూనే కొంగు నడుముకు దోపి లేచింది.

అందరం పరుగున మిర్చి కుప్పచేసి పట్టాలు కప్పాం. చేతులు మండిపోతున్నాయి. గాలికి లేచిపోకుండా పట్టాల అంచుల మీద కూర్చుని పొద్దుగూకేదాకా ఆకాశమే చూశాం. ఒక్క చినుకూ రాలలేదు. బాబాయి మాత్రం గిటార్ దించనివ్వలేదు.

సెలవులు అయిపోవచ్చినా వాన జాడ లేదు. వేసిన పత్తి గింజలు మొలవక మట్టిలోనే ఉన్నాయి. ఒక పొద్దున బాబాయి గిటార్ దించి, దుమ్ము తుడిచి నా ఒళ్లో పెట్టాడు.

"గా పాట అందుకోరా," అన్నాడు, నా వైపు చూడకుండా.

ఆనాడు కల్లం దగ్గర వాన వస్తుందేమోనని భయపడ్డాను. ఆ పొద్దున, పాడినా రాదేమోనని నా వేళ్లు తీగ మీద ఆనలేదు.