సంత రోజు పారిపోయే పిల్ల

2015లో నేను దోర్నపాల్ దగ్గర ఒక ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో అధీక్షికను, అంటే హాస్టల్ వార్డెన్‌ను. మా బస్తర్‌లో అడవి పల్లెల పిల్లలు చాలామంది ఇలాంటి చోట్లే ఉండి చదువుకుంటారు. జ్వరమొస్తే మందు, తలలో పేలుంటే దువ్వెన, బెంగపడితే ఒడి, అన్నీ నావే. తెలుగు మాట్లాడే సరిహద్దు ఊరు కోంటాలో కిరాణా కొట్టు నడిపే ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి గొంతు పెద్దది, ఓపిక చిన్నది.

ఇంటికి పారిపోయే పిల్లలకు మా దగ్గర ఒక వైద్యం ఉండేది. అదే ఊరి పెద్దపిల్ల పక్కన పడక వేసేవాళ్లం. నాలుగు రోజుల్లో బెంగ తీరిపోయేది. రెండో తరగతి జోగి దగ్గర ఆ వైద్యం పారలేదు. మిగతా రోజుల్లో బుద్ధిగానే ఉండేది. సంత రోజు వస్తే మాత్రం, పిల్లల్ని చూసుకోవడానికి గేటు దగ్గరికొచ్చిన తల్లిదండ్రుల గుంపులో కలిసి మాయమయ్యేది. మర్నాడు పొద్దున తనే నడిచి వచ్చేది.

"సంత లడ్డూల రుచి మరిగింది మేడమ్" అని మా వంటామె తేల్చేసింది. అయి ఉంటుందనుకున్నాను. ఇంతలో వానలు పడ్డాయి. ఒకరోజు వాగు దాటి నడుము దాకా తడిసి వచ్చింది. కోపం, భయం రెండూ ఒక్కసారే వచ్చాయి నాకు. ఒళ్లు తుడుస్తూనే కేకలేశాను.

"ఏందే, వాగుల కొట్టుకపోతే మీ అమ్మకు ఏం జెప్పాలె?"

పిల్ల ఏడవలేదు. "నేను పోకుంటే అమ్మను కొడ్తడు" అంది.

"ఎవరు?"

"అయ్య. సంతల తాగి వస్తడు. నేను నడుమ పండుకుంటే కొట్టడు."

ఏడేళ్ల పిల్ల తల్లికి కాపలా కాస్తోంది.

జిల్లా ప్రొటెక్షన్ ఆఫీసర్‌కు ఫోన్ చేశాను. గృహహింస చట్టం కింద ఫిర్యాదు తీసుకుని కోర్టు ముందు పెట్టే ఉద్యోగి ఆమె. తర్వాతి సంతకు జోగి తల్లి ఉంగిని నా గదిలో కూర్చోబెట్టాం. ఫిర్యాదు మాట ఎత్తగానే ఆమె లేచి నిలబడింది.

"ఆయన్ను జేల్ల ఏస్తే పొలం ఎవరు దున్నుతరు? నాకద్దు మేడమ్."

ఆఫీసర్ హిందీలో చెప్పింది, నేను తెలుగు చేశాను. "జైలు కాదు ఉంగీ. కొట్టొద్దని జడ్జి ఆర్డర్ ఇస్తడు. అది మీరితేనే జైలు." దాన్నే ప్రొటెక్షన్ ఆర్డర్ అంటారు.

అయినా ఒప్పుకోలేదు. కూతురు ఇంటి మీద ప్రేమతో పరుగెత్తుకొస్తోందనే ఆమె అనుకుంటోంది. అసలు సంగతి చెప్పాను. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కాసేపటికి "ఏలిముద్ర యాడ ఎయ్యాలె?" అంది.

ఊళ్లో పెద్దలకు కోపమొచ్చింది. ఇలాంటి తగువులు ఊరంతా కూర్చునే బైఠక్‌లో తేల్చుకోవడం అక్కడి ఆనవాయితీ. "ఇంటి లొల్లిని కోర్టుకు ఎక్కిస్తరా?" అని ఊరి పటేల్ నా మీదికి లేచాడు. నాకు మండింది.

"తాతా, బైఠక్ గూడ పెట్టుండ్రి. పిల్ల వాగు ఎందుకు దాటుతున్నదో ఆ అయ్య మొకం మీదనే చెప్పుండ్రి."

పెట్టారు. విన్నంతసేపూ జోగి తండ్రి తల ఎత్తలేదు. తాగిన రోజు అతను తన అన్న ఇంట్లోనే పడుకోవాలని, ఉంగి గడప తొక్కకూడదని పెద్దలు తీర్మానించారు. కొన్నాళ్లకు కోర్టు ఆర్డర్ కూడా వచ్చింది. ఊరి భయం ఒకవైపు, జైలు భయం ఒకవైపు. ఒక్కటే ఉంటే అతను దారికి వచ్చేవాడని నేను నమ్మను.

జోగి మాత్రం వెంటనే నమ్మలేదు. సంత రోజు వస్తే అన్నం ముట్టేది కాదు. అందుకే ఉంగి ప్రతి సంతకూ వచ్చి, "చూడు బిడ్డా, మంచిగున్న" అని చేతులు, వీపు చూపించి పోయేది.

చలికాలంలో ఒక సంత రోజు ఉంగి ఆకు దొన్నెలో రేగుపళ్లు తెచ్చింది. జోగి అప్పుడు ఖోఖో ఆడుతోంది. పరుగెత్తుకొచ్చి, గుప్పెడు పళ్లు లాక్కుని, తల్లి మొహం కూడా సరిగ్గా చూడకుండా మళ్లీ ఆటలోకి దూకింది.

"చూస్తిరా మేడమ్, అమ్మొచ్చిందని గూడ లేదు దీనికి!" అని ఉంగి నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

తల్లి మెడ చుట్టుకుని వదలని పిల్లలను చూసి, ఎంత ప్రేమో అని మురిసిపోయేదాన్ని అంతవరకు. ఇప్పుడు అలాంటి పిల్ల కనబడితే పక్కన కూర్చుని ఇంటి సంగతులు అడుగుతాను. తల్లిని మరిచి ఆడుకునే పిల్లను మాత్రం ఆట ఆపి పిలవను.