రోలర్ కరిగిన ఎండాకాలం

మొన్న వరంగల్ సుబేదారిలో అక్క మనవరాలి పెళ్లి మాటల్లో, కార్డులు ఎక్కడ కొట్టించాలన్న ప్రస్తావన రాగానే మా బావ, అంటే అక్క భర్త, మళ్లీ పాత పాటే ఎత్తుకున్నాడు. "వరంగలోళ్లకు చురుకు తక్కువ, హైదరాబాదుల ఎట్ల ఉరికురికి పని చేస్తాండ్రో చూడుండ్రి" అన్నాడు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మన కాలం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో శుభలేఖ అంటే సీసపు అక్షరాలు ఒక్కొక్కటే కూర్చి అచ్చు వేసేదే. మా అన్న వరంగల్ స్టేషన్ దగ్గర చిన్న ప్రెస్సు నడిపేవాడు, పెళ్లి కాకముందు నేనక్కడే అక్షరాలు కూర్చేదాన్ని. అచ్చం అన్న మెషీను లాంటిదే హైదరాబాదులో బావ ప్రెస్సులోనూ ఉండేది. అక్షరాలకు సిరా పూసే రోలర్ జిగురుతో పోసింది కాబట్టి ఎండలు ముదిరితే కరిగేది, పెళ్లిళ్లేమో ఆ ఎండల్లోనే. బావ గల్లీ నిండా ప్రెస్సులే కావడంతో రోలర్ పోసేవాడూ, కాగితం అమ్మేవాడూ పక్కపక్కనే దుకాణాలు తెరిచారు. రోలర్ తయారయ్యేదాకా పక్క ప్రెస్సువాడు తనది ఇచ్చేవాడు. మా ఊళ్లో ఉన్న కాసిని ప్రెస్సులను నమ్ముకుని రోలర్ పోసేవాడు ఏం తిని బతుకుతాడు? అందుకని అన్నే దాన్ని గోనెసంచిలో చుట్టుకుని రైలెక్కాలి, అక్కడ ఆ గల్లీ వాళ్ల పని అయ్యేదాకా కాచుకుని కూర్చోవాలి. ఇందులో చురుకు ఎక్కడిదో నాకర్థం కాదు.

ఒక ఎండాకాలం ధాన్యం షావుకారు ఇంటి కార్డులు సగం అచ్చయ్యాక మా రోలర్లన్నీ కరిగిపోయాయి. అన్న వెళ్లి వచ్చేదాకా ఆగలేక షావుకారు మిగతావి బావ దగ్గరే కొట్టించుకున్నాడు, తర్వాత బజారంతా అదే దారి పట్టింది, ప్రెస్సు మూతపడింది. అన్న మెషీన్ను లారీ ఎక్కించి బావ గల్లీలోనే ఒక షట్టర్ అద్దెకు తీసుకున్నాడు. అదే మెషీను, అదే మనిషి, పని మాత్రం రెట్టింపు. దానికి చుట్టాలంతా, పోనీలే ఇప్పటికైనా పని నేర్చుకున్నాడన్నారు. నా గోడు ఎవరూ వినలేదు.

ఇప్పుడు వరంగల్లో మెషీన్ ఆగితే ఫోన్లో ఫొటో పంపుతారు, కావలసింది బస్సులో వచ్చేస్తుంది. అది చూసి సంతోషించాల్సింది పోయి నాకు దుఃఖం వస్తుంది. చివరిసారి ఈ ఊరు వచ్చినప్పుడు అన్న మా పాత ప్రెస్సు ఉన్న గది ముందు నిలబడి, "అప్పుడు నేను జర కష్టపడితే నిలబడేది చెల్లె" అన్నాడు. నేనెంత వాదించినా ఒప్పుకోలేదు. అలా నమ్మే పోయాడు మా అన్న.