మోగిన రాయి

జులైలో, తెల్లవారకముందే కొంకణ్‌లో ఒక చిన్న స్టేషన్లో దిగాం. వాన. ప్లాట్‌ఫారం మీద రేకుల కప్పు కొంత మేరే ఉంది. దాని కింద సామాన్లు పెట్టి మేం బయట నిలబడ్డాం. పడమటి వైపు దగ్గర్లోనే సముద్రం ఉందన్నారు. నేను చూడలేదు. మా డ్యూటీ తూర్పున, కొండల్లో.

సుబేదార్ అక్కడే ఆర్డర్ చెప్పాడు. కొండవాలు మీదున్న పల్లెలన్నీ తిరగాలి. దారి తెగినచోట దారి చేయాలి. కొండ జారేలా ఉంటే మనుషుల్ని కిందికి దించాలి. తుపాకులు లేవు. గడ్డపారలు, పారలు, తాళ్లు, ఒక స్ట్రెచర్, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన రేడియో. జలగల కోసం మనిషికో ఉప్పు పొట్లం.

మా ఆళ్లగడ్డలో సైన్యం గురించి అడిగేవాళ్లు నన్ను సరిహద్దు సంగతులే అడుగుతారు. అక్కడా పనిచేశాను. కానీ ఎక్కువగా గుర్తొచ్చేది ఈ డ్యూటీ. ఇందులో శత్రువు లేడు.

మా కంపెనీలో ఊరి పేరుతో పిలుచుకునేవాళ్లం. నేను ఆళ్లగడ్డ. నా పక్క మంచంవాడు బేతంచెర్ల. వాళ్ల నాయన నాపబండల గనిలో మేస్త్రీ. సైన్యంలో చేరేదాకా వీడూ ఆ గనిలోనే సుత్తి పట్టాడు. ఆదివారం తప్పకుండా చర్చికి పోయే కుటుంబం. అన్నం ముందు కూర్చుని వాడు కళ్లు మూసుకుంటే, తెరిచేసరికి పక్కవాడు ఇంకా మొదటి ముద్ద కలుపుతుండేవాడు. ప్రార్థన అంత చిన్నది.

మేం తిరిగిన ఆ కొండల్లో నేల ఎర్రమట్టి. బూటు చీలమండదాకా దిగేది. ఇళ్లు వాలు మీద విడివిడిగా, నాలుగిక్కడ, ఆరక్కడ. పెంకుల కప్పులు, ఎర్రరాతి గోడలు. ఆ రాతినిండా బొక్కలు. బేతంచెర్ల మొదటి ఊర్లోనే ఒక గోడ మీద చెయ్యి పెట్టి నిలబడిపోయాడు.

"ఏందప్పా ఇది, బన్ను మాదిరుంది. దీంతో ఇండ్లు కడ్తాండారా?"

"నీకేం నొప్పి? నిలబడింది కదా," అన్నాను.

"మీకేం తెల్సులే. మేము రాయి తవ్వితే మీ ఆళ్లగడ్డోళ్లు బొమ్మలు చెక్కుకుంటారు."

"మా ఊర్లో రాయిని దేవుని చేస్తారు. మీ ఊర్లో కాళ్ల కింద పరుస్తారు."

"దేవుని కాడికి దినానికొకతూరి పోతావు. బండ మీద దినమంతా నడుస్తావు. ఏది గొప్పదో నువ్వే చెప్పు."

వాడి దగ్గర ఇంటినుంచి తెచ్చుకున్న చిన్న సుత్తి ఉండేది. రాయి కనిపిస్తే కొట్టి చెవి పెట్టేవాడు. బేతంచెర్లలో బండను అట్లే చూస్తారు. పగులు లేనిది గంటలాగా మోగుతుంది. లోపల పగులుంటే శబ్దం డొల్లగా వస్తుంది. మా వంటవాడు ఒకరోజు అన్నం గిన్నె తెచ్చి వాడి ముందు పెట్టాడు. "ఇదీ కొట్టి చూడు. ఉడికిందో లేదో చెప్పు," అన్నాడు. వాడు నిజంగానే కొట్టాడు. "ఇంకొంచెంసేపు," అన్నాడు.

రెండు వారాలు ఊరి తర్వాత ఊరు. బట్టలు ఆరలేదు. కాళ్ల వేళ్ల మధ్య తోలు తెల్లగా ఊడింది. వాన ఆగిన రోజు ఒకటి ఉందేమో, నాకు గుర్తులేదు.

చివరి పల్లెలో వాగు నడకవంతెనను కొట్టుకుపోయింది. అవతలి ఒడ్డున ఏడెనిమిది ఇళ్లు. వాటి పైన కొండకు అడ్డంగా నెర్రె కనిపిస్తోంది.

రేడియో ఆపరేటర్ చెప్పాడు: "వంతెన లేదు. అవతల మనుషులున్నారు. ఓవర్."

జవాబు వచ్చింది: "చీకటి పడకముందే దించండి. ఓవర్."

తాడు కట్టాలి. అవతలి ఒడ్డున గట్టి చింతచెట్టు ఉంది. మా వైపు పనసచెట్టు ఉంది కానీ, తోస్తే వేళ్ల దగ్గర మట్టి కదిలింది. ఇంకో చెట్టూ అంతే. కొంచెం ఎగువన నల్లరాయి ఒకటి, సగం భూమిలో, సగం పైన. పైన ఉన్నదే ఛాతీ ఎత్తు. బేతంచెర్ల మూడు చోట్ల కొట్టాడు. ఆ వానలో కూడా నాకు వినబడింది.

"వచ్చినకాడి నుంచి చూసిన వాట్లల్లో రాయంటే ఇదే," అన్నాడు.

"గట్టిదేనా?"

"మళ్లీ కొడ్తా, ఇను."

మోగింది. సుబేదార్ కూడా వచ్చి, తాడు చుట్టించి, నలుగురితో గుంజించి చూశాడు. రాయి కదల్లేదు. సరే అన్నాడు.

మనుషులు ఒక్కొక్కరే నడుముకు తాడుతో దాటారు. పిల్లల్ని మేం వీపున మోశాం. అందరికంటే చివర ఒక ముసలామె, బుట్టలో కోడితో వచ్చింది. ఒడ్డెక్కాక కూడా బుట్ట వదలడం లేదు. బేతంచెర్ల తెలుగులోనే అరిచాడు:

"ఓ అవ్వా, నీ కోడిని నేను తిననులే. ఇట్లియ్యి!"

ఆమెకు ఒక్క ముక్క అర్థమై ఉండదు. నవ్వింది. బుట్ట ఇచ్చింది. వాడు దాన్ని నా చేతికిచ్చి, తాడు విప్పడానికి రాయి దగ్గరికి పోయాడు.

నేను ముసలామెను పట్టుకుని దిగుతున్నాను. వెనక శబ్దం వచ్చింది. పెద్దదేం కాదు. లారీ కంకర దించుతున్నట్టు. తిరిగి చూశాను. రాయి లేదు. వాడు లేడు. అది ఉన్నచోట ఎర్రమట్టి కిందికి నడుస్తోంది.

ఆపరేటర్ రేడియోలో చెప్పాడు: "అందరూ దాటారు. మనవాళ్లలో ఒకరు తక్కువ. ఓవర్."

"మళ్లీ చెప్పండి."

అదే గొంతుతో మళ్లీ చెప్పాడు.

మరునాడు పొద్దున్నే వాడు దొరికాడు. రాయి కూడా అక్కడికి దగ్గర్లోనే, వాగు మధ్యలో ఉంది. నేను దిగి వెళ్లి పార వెనక్కి తిప్పి దాన్ని కొట్టాను. మోగింది. ఎక్కడా పగులు లేదు.

మా సీమలో రాయి కింద రాయే ఉంటుంది. పొర తీస్తే మరో పొర. అక్కడ ఆ రాయి ఎప్పుడో పైనుంచి దొర్లి వచ్చి మట్టిలో కూర్చుంది. ఆ మట్టి నానింది. వాడు రాయిని గురించి చెప్పింది నిజం. రాయి కింద ఏముందని అడగడం వాడికి ఎవరూ నేర్పలేదు. బేతంచెర్లలో ఆ ప్రశ్నతో పని లేదు.

వాడి పెట్టెతో నన్ను వాళ్ల ఊరికి పంపారు. బయల్దేరేముందు సుబేదార్ పక్కకు పిలిచాడు. "కొండ జారిందని చెప్పు. అది నిజమే. రాయి సంగతి ఎత్తొద్దు. తండ్రికి అదే పని కదా."

హైదరాబాద్ దాకా విమానం. అక్కడినుంచి ఆర్మీ బండి. బేతంచెర్ల దగ్గరపడ్డాక రోడ్డుకు రెండు వైపులా బండల దొంతరలు, తెల్లదుమ్ము. పాస్టరు వాక్యం చదివాడు. పూడ్చాం. వాగు మీద తాడు కట్టి మనుషుల్ని దాటించామని ఇంట్లో చెప్పాను. మరునాడు వాళ్ల నాయన నన్ను పెరట్లోకి తీసుకుపోయాడు.

"తాడు దేనికి కట్టినారప్పా?"

కొండ జారింది, అనడానికి నోరు తెరిచాను. ఆయన నా నోటివైపే చూస్తున్నాడు.

"రాయికి, చిన్నాయనా."

"రాయి ఎవరు చూసినారు?"

"వాడే."

"కొట్టి చూసినాడా?"

"మూడు చోట్ల."

"ఎట్ల పలికింది?"

"బాగా మోగింది. నేనూ విన్నా."

ఆయన తలూపాడు. మళ్లీ అడిగాడు: "కింద?"

"మట్టి."

"మట్టా?" అన్నాడు. తర్వాత, "నేనెప్పుడూ చెప్పల్యా వానికి," అన్నాడు. లోపలికి పోయి నాకు అన్నం పెట్టమన్నాడు.

తర్వాతి ఏడు నేను సైన్యం నుంచి వచ్చేశాను. సమాధికి బండ వేస్తున్నాం, రమ్మని ఆయన కబురు చేశాడు. ఆళ్లగడ్డలో మొదటి బస్సెక్కి నంద్యాలలో దిగి, అక్కడ రైలు పట్టుకుని వెళ్లాను. బండ ఆయనే కోసి, ఆయనే నునుపు పట్టాడు. నలుగురు మోసుకొచ్చారు. దించేముందు మేస్త్రీ కొట్టి చూడటం అక్కడ పద్ధతి. వాళ్లు బండను పట్టుకుని ఆగారు. ఆయన సుత్తి ఎత్తాడు. అందరం శబ్దం కోసం ఆగాం.

ఆయన కొట్టలేదు. సుత్తి పక్కన పెట్టాడు. మోకాళ్ల మీద కూర్చుని, బండ మూలలు ఆనేచోట మట్టిని అరచేత్తో నొక్కడం మొదలుపెట్టాడు. ఒక మూల. ఇంకో మూల. మళ్లీ మొదటి మూల. మోస్తున్నవాళ్లు పట్టు మార్చుకున్నారు.

"దించమంటావా, మామా?" అని ఒకడు అడిగాడు.

"ఉండండప్పా," అన్నాడు. ఇంకా నొక్కుతూనే ఉన్నాడు.